సగం దారిదాకా కారు

హార్లన్ క్రీక్, విస్కాన్సిన్
1976 సెప్టెంబరు 5, ఆదివారం

నా బంగారు తల్లి లోయిస్‌కి,

నిన్ను ఆ కాలేజీ మెట్ల దగ్గర దింపి వచ్చి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. తొమ్మిది రోజులుగా నాకు కాళ్ళు నేల మీద ఆనడం లేదు. హాగెన్ల వంశంలో నీకు ముందు ఎనిమిదో తరగతి దాటినవాళ్ళు లేరు. నువ్వేమో ఏకంగా కాలేజీలో కూర్చున్నావు! ఈ ముక్క రాస్తూ రెండుసార్లు సిరా ఒలకబోశాను. అరవై ఆరేళ్ళు వచ్చాయని కాదు సుమా, సంతోషం పట్టలేక.

నా నోట్లో నువ్వుగింజ నానదని మీ అమ్మ ఊరికే అనదు. ముప్పై ఒక్క ఏళ్ళు నేను ఉత్తరాలు పంచిన రూటులో రెండొందల పన్నెండు ఇళ్ళ ముందు రెండొందల పన్నెండు ఉత్తరాల డబ్బాలు. జూన్‌లో రిటైరయ్యాక వాటితో నాకు పనేముంది? అయినా ఈ వారమంతా ఆ దారే తిరిగి, వాకిలి వాకిలికీ ఆగి, "మా అమ్మాయి మార్స్‌డెన్ కాలేజీలో చేరింది" అని చెప్పొచ్చాను. మిసెస్ క్రోల్ పాల డబ్బాలు కడుగుతూ, "ఆర్నె, ఈ సంగతి మంగళవారమే చెప్పావు కదయ్యా" అంది. "అయితే మళ్ళీ విను" అన్నాను. పాపం, విన్నది.

ఇక అసలు సంగతి. మన పచ్చ స్టేషన్ వాగన్ నాతోపాటే రిటైరయింది కదా. నేను ఊళ్ళో తిరగడానికి పికప్ ఉంది. అది వాకిట్లో ఊరికే నిలబడి నా మొహం చూస్తోంది, నేను దాని మొహం చూస్తున్నాను. ఇద్దరికీ తోచడం లేదు. పొద్దున్న అయిదింటికే మెలకువ వస్తుంది, బూట్లు వేసుకుంటాను, ఎక్కడికీ వెళ్ళేది లేదని అప్పుడు గుర్తొస్తుంది. ఆ బండి నీ దగ్గరుండాలి. కాలేజీ వాళ్ళు పంపిన కాగితాల్లో పసుప్పచ్చ ఫారం ఒకటుంది, చూశావా? మొదటి ఏడాది పిల్లలు కారు తెచ్చుకోవాలంటే తండ్రి సంతకం పెట్టి, ఎందుకు అవసరమో ఒక గీత మీద రాయాలట. నేను ఒక చిత్తు కాగితం మీద రాసి చూసుకున్నాను: "మా అమ్మాయికి కారు అవసరం, ఎందుకంటే ఆమె మా అమ్మాయి." మీ అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చదివి, "ఇది అవసరం కాదయ్యా, గొప్ప" అంది. ఇంకోటి ఆలోచిస్తున్నాను.

ఎప్పుడు తీసుకు రమ్మంటావో ఒక్క ముక్క రాయి. తడవకి రెండు రోజులు పడుతోంది మార్స్‌డెన్ ఉత్తరం రావడానికి. అక్కడ సార్టింగ్‌లో ఎవరో బద్ధకిస్తున్నారు.

డబ్బా చప్పుడైతే చాలు పరుగెత్తే మీ నాన్న,
ఆర్నె


మార్స్‌డెన్
సెప్టెంబరు 13, సోమవారం

నాన్నకి,

నీ ఉత్తరం చదివి మా గదిలో ఉండే డెల్లా కూడా నవ్వింది. ఇక్కడ అంతా బాగుంది. భోజనం బాగుంది. పాఠాలు బాగున్నాయి. పొద్దున్నే చర్చి గంట మోగుతుంది, అది కూడా బాగుంది.

కారు వద్దు నాన్నా. నిజంగా వద్దు. హాస్టలు నుంచి క్లాసుకి నాలుగు నిమిషాల నడక. పోనీ తెచ్చినా, మొదటి ఏడాది వాళ్ళకిచ్చే పార్కింగు స్థలం ఊరి చివర గోదాముల వెనక. కారు దగ్గరికి వెళ్ళాలంటేనే ఇంకో కారు కావాలి. డెల్లాది మిల్వాకీ, వాళ్ళింట్లో మూడు కార్లున్నాయి, ఒక్కటీ తెచ్చుకోలేదు.

అమ్మకి ముద్దులు. నువ్వు రూటు మీద అంతమందికి చెప్పకు.

లోయిస్


హార్లన్ క్రీక్
సెప్టెంబరు 18, శనివారం

చిట్టి తల్లీ,

నీ ఉత్తరంలో "బాగుంది" అన్న మాట ఎన్నిసార్లుందో తెలుసా? నాలుగు! మీ అమ్మకి చదివి వినిపించాను, ఎదురింటి వాళ్ళకి వినిపించాను, కొత్తగా నా రూటు తీసుకున్న ఫ్లాయిడ్‌ని ఆపి వినిపించాను. వాడు పాపం బండి ఇంజను ఆపకుండానే విన్నాడు.

కారు ఎందుకు వద్దన్నావో నాకు అర్థమైంది. చెప్పలేకపోయావు గానీ నేను ఆ మాత్రం తెలుసుకోలేనా? మూడు కార్లున్న పిల్ల పక్కన నువ్వు ఆ సొట్టల బండిలోంచి ఎలా దిగుతావు? ముప్పై ఒక్క ఏళ్ళు, చక్రం ఎడమ పక్కనున్నా డబ్బాలు అందాలని కుడి పక్క సీట్లో కూర్చుని, ఎడమ కాలు చాపి బ్రేకు తొక్కుతూ, ఎడం చేత్తో చక్రం తిప్పుతూ, కుడి చేత్తో డబ్బాల్లో ఉత్తరాలు వేసినవాణ్ణి. ఈ పన్నెండేళ్ళలో ఆ బండి కుడి తలుపుకి రెండొందల పన్నెండు డబ్బాలూ తలో గీత పెట్టాయి. నాకవి ముద్దుగానే ఉంటాయి. నీకు నామోషీ. తప్పు లేదమ్మా, వయసు అలాంటిది.

అందుకని సొట్టలన్నీ కొట్టించాను. రంగు వేయించాను. పాత పచ్చకి ఈ కొత్త పచ్చ సరిగ్గా కలవలేదు, దూరం నుంచి చూస్తే తెలీదు. మీ అమ్మ దగ్గర నుంచి చూసింది. "ఏమయ్యా, పిల్లకి కారుని ముస్తాబు చేస్తున్నావా, కారుకే పెళ్ళి చేస్తున్నావా?" అంది. కుడి సీటు గుంట పడిపోయింది కదా, దాంట్లోకి దూది కుక్కి కుట్టించాను. హీటరు మార్పించాను. రేడియో ఇప్పుడు రెండు స్టేషన్లు పలుకుతోంది.

ఇంక చూడు తల్లీ, రెండొందల పది మైళ్ళు. నాలుగున్నర గంటలు. ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు ఎక్కి, తిన్నగా మన వాకిట్లో దిగొచ్చు. బస్సుల కోసం పడిగాపులు లేవు, ఎవర్నీ అడగక్కర్లేదు. తలుచుకుంటేనే నాకు నిద్ర పట్టడం లేదు.

నామోషీ పడకు. ఊఁ అను.

కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్న
మీ నాన్న


మార్స్‌డెన్
అక్టోబరు 2, శనివారం

నాన్నా,

నాకు నామోషీ లేదు. ఆ సొట్టలంటే నాకూ ఇష్టమే. ఎందుకు కొట్టించావు?

ఇప్పుడు మా గది కిటికీ దగ్గర కూర్చుని రాస్తున్నాను. బయట అబ్బాయిలు ఫుట్‌బాల్ ఆడుతున్నారు. ఎండ బాగుంది. డెల్లా జుట్టు ఆరబెట్టుకుంటోంది. అంతా మామూలే, చెప్పడానికి కొత్తవేమీ లేవు.

కారు గురించి ఇంక అడక్కు నాన్నా, నీకు దణ్ణం పెడతాను. కోపం కాదు. వద్దంతే.

అమ్మ ఈ వారం ఏం వండింది? బంగాళాదుంపలు పళ్ళెంలో పేర్చి పొయ్యిలో కాల్చిందా? ఊరికే అడిగాను.

లోయిస్


హార్లన్ క్రీక్
అక్టోబరు 6, బుధవారం

లోయిస్ తల్లీ,

నీకు తెలుసు కదా, ఉత్తరం చదివేముందు కవరు చదవడం నా అలవాటు. కవరు మీద ముద్ర చూశాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. నార్టన్ జంక్షన్, అక్టోబరు 2, మధ్యాహ్నం.

మార్స్‌డెన్‌లో కిటికీ పక్కన కూర్చుని రాసిన ఉత్తరం, అదే రోజు, అక్కడికి నూరు మైళ్ళు ఉత్తరాన ఉన్న డబ్బాలో ఎలా పడుతుందమ్మా? ముప్పై ఒక్క ఏళ్ళలో నేను దారి తప్పిన ఉత్తరాలు చాలా చూశాను. బయలుదేరకముందే దారి తప్పిన ఉత్తరం ఇదే.

ఒక రోజంతా ఎవరికీ చెప్పలేదు. నాలాంటివాడు నోరు మూసుకుని కూర్చుంటే మీ అమ్మకి అనుమానం రాదూ? "ఒంట్లో బాలేదా?" అంది. చూపించాను. చూసి, రొట్టె కోస్తూనే, "ఇందులో వింతేముంది, ఎవడో కారున్న కుర్రాడు. శనివారం షికారు తీసుకెళ్ళి ఉంటాడు" అంది. ఎంత తేలిగ్గా అందో!

నేను తిట్టడం లేదు. నీకు పద్దెనిమిదేళ్ళు. ఉయ్యాల కూడా ఎవరికో ఇచ్చేసిన తరవాత పుట్టిన పిల్లవి నువ్వు, నాకు నిన్ను తిట్టే నోరు ఎప్పుడూ రాలేదు. కానీ వాడెవడు? ఎలా నడుపుతాడు? నార్టన్ దగ్గర ఆ కొండ మలుపు సంగతి వాడికి తెలుసా? వాడి కారుంది గనక మా కారు వద్దన్నావా? ఆ ఒక్కటీ చెప్పు.

అయినా చెప్పక్కర్లేదు. నేను నిశ్చయించేశాను. పరాయివాడి కారులో పక్కన కూర్చునే బదులు నీ కారులో నువ్వే చక్రం ముందు కూర్చో. ఫారం నింపేశాను. అవసరం అన్నచోట "ఆడపిల్ల తన దారిన తాను వెళ్ళి రావడానికి" అని రాశాను. ఈసారి మీ అమ్మ చదివి కళ్ళజోడు తీసేసింది. పదహారో తేదీ శనివారం కారు తెచ్చి అక్కడ వదిలి, నేను బస్సులో వచ్చేస్తాను. మధ్యాహ్నం లోపల చేరతాను. ఆ కుర్రాడు కూడా ఉంటే మంచిదే. కరచాలనం చేస్తాను, అంతకంటే ఏమీ చెయ్యను.

సంతోషంగానే ఉన్నాను, కంగారుగానూ ఉన్నాను.

నాన్న


మార్స్‌డెన్
అక్టోబరు 9, శనివారం

నాన్నా,

ఈ కవరు మీద ముద్ర మార్స్‌డెన్‌దే ఉంటుంది, చూసుకో. పనిగట్టుకుని ఇక్కడి పోస్టాఫీసులోనే వేస్తున్నాను.

కుర్రాడు లేడు. ఉంటే బాగుండేది, కనీసం ఎవరితోనైనా మాట్లాడేదాన్ని.

ఆ రెండో తేదీ శనివారం నేను ఇంటికి బయలుదేరాను నాన్నా. పొద్దున్న ఏడున్నర బస్సు. నార్టన్ జంక్షన్‌లో దిగి బస్సు మారాలి. హార్లన్ క్రీక్ వైపు వెళ్ళే బస్సు పన్నెండుంబావుకి గానీ రాదు. రెండు గంటలు బస్సు స్టేషను బల్ల మీద కూర్చోవాలి. మొదటి గంట ఏడ్చాను. రెండో గంట నీ ఉత్తరాలు మళ్ళీ చదివాను. మిసెస్ క్రోల్ సంగతి వచ్చేసరికి నవ్వొచ్చింది, తరవాత సిగ్గేసింది. నీకో ఉత్తరం రాసి అక్కడి డబ్బాలో పడేసి, పన్నెండున్నరకి ఇటువైపు బస్సు ఎక్కి వెనక్కొచ్చేశాను. ముద్ర సంగతి నాకు తట్టనే లేదు. నీ కూతుర్ని అయ్యుండి!

అది మొదటిసారి కాదు. సెప్టెంబరు 25న కూడా అంతే చేశాను.

ఇక్కడేమీ బాగాలేదు. రసాయన శాస్త్రంలో మొదటి పరీక్షలో నలభై రెండు వచ్చాయి. భోజనాల హాల్లో పళ్ళెం పట్టుకుని ఎక్కడ కూర్చోవాలో తెలియక రెండుసార్లు పళ్ళెం అక్కడే పెట్టేసి వచ్చాను. డెల్లా మంచిదే, కానీ తనకి అందరూ తెలుసు. నేను మాట్లాడితే నా ఊరి యాస విని, "ఇంకోసారి అను" అంటారు.

కారు ఎందుకు వద్దన్నానో ఇప్పుడు చెప్తున్నాను. బస్సుకి నార్టన్ జంక్షన్ ఉంది. అక్కడ దిగి కూర్చోక తప్పదు, కూర్చుంటే బుద్ధి మారుతుంది. కారుకి అది లేదు. తిన్నగా మన వాకిట్లో దిగొచ్చు అని నువ్వే రాశావు. దిగుతాను. అమ్మ పళ్ళెంలో వడ్డిస్తుంది. తిని పడుకుంటే మళ్ళీ లేవను నాన్నా, నాకు తెలుసు. అప్పుడు రెండొందల పన్నెండు వాకిళ్ళకి నువ్వేం చెప్తావు? నీ సంతోషం చూస్తే నాకు భయమేస్తోంది. ఆ సంతోషం మీద కాలు వేసి ఎలా రాను?

కారు తేకు.

లోయిస్


హార్లన్ క్రీక్
అక్టోబరు 12, మంగళవారం

అమ్మా లోయిస్,

నీ ఉత్తరం డబ్బా దగ్గర నిలబడే చదివాను. ఫ్లాయిడ్ ఇంకా అక్కడే ఉన్నాడు. "పాప ఏం రాసింది బాబాయ్?" అన్నాడు. "బాగుందట" అన్నాను. నా జన్మలో ఉత్తరం తప్పు చదివి వినిపించడం అదే మొదలు.

తరవాత మీ అమ్మకి అసలుది చదివాను. "పిల్ల నీకు నిజం చెప్పడానికి నువ్వెక్కడ సందిచ్చావయ్యా?" అంది. నిజమే. నా గోలే గోల.

నీకొక సంగతి చెప్పాలి. పద్నాలుగేళ్ళప్పుడు మా నాన్న నన్ను హైస్కూలు చదువుకని పట్నంలో ఒక చుట్టాలింట్లో పెట్టాడు. అందరూ నేను ఎనిమిదితో ఆపేశాననుకుంటారు. ఆపలేదు. తొమ్మిదిలో పంతొమ్మిది రోజులు చదివాను. ఇరవయ్యో రోజున మా నీల్స్ మామయ్య పాలబండి బడి ముందు నుంచి వెళ్తోంది. బండి ఉంది, ఎక్కాను. అంతే. ఎవరూ నన్ను తిట్టలేదు. "వచ్చావా, గడ్డి కొయ్యాలి" అన్నాడు మా నాన్న. మళ్ళీ ఎవరూ పంపనూ లేదు, నేను అడగనూ లేదు. ఆ రోజు ఆ బండి అటు రాకపోయి ఉంటే సాయంత్రానికి ఏడుపు తగ్గేదేమో. తగ్గేది కాదేమో. నాకు తెలీదు తల్లీ. యాభై రెండేళ్ళుగా తెలీదు.

ఆ బండి నేనే నీకు తోలుకొస్తున్నానన్నమాట! కొత్త రంగు వేయించి మరీ!

ఫారం చింపేశాను. కారు నీ దగ్గరికి తీసుకురాను. అలాగని నువ్వు రావద్దనీ అనను. మీ అమ్మా నేనూ కూర్చుని ఒకటి అనుకున్నాం. శనివారం పదిన్నరకి నేను కారు నార్టన్ జంక్షన్‌కి తెస్తాను. నువ్వు బస్సులో రా. అక్కడ హోటల్లో ఆపిల్ పై బాగుంటుంది, తిందాం. నీ రెండు గంటలూ నువ్వు కూర్చో, పక్కన నేను కూర్చుంటాను. తరవాత నువ్వు కారెక్కితే ఇంటికి తీసుకొస్తాను. ఇటు బస్సెక్కితే కాలేజీకి వెళ్ళు. నేను అటనీ ఇటనీ ఒక్క మాట అనను. ఇది రాస్తుంటే చూసి మీ అమ్మ పగలబడి నవ్వింది, అయినా అనను.

రూటు మీద చెప్పుకున్న గొప్పల సంగతి నాకొదిలెయ్. డబ్బాలో వేసిన ఉత్తరం వెనక్కి తీసుకోకూడదని చట్టం ఉంది. నోటి మాటకి ఏ చట్టమూ లేదు.

నలభై రెండుకి ఏమీ కాదు. నాకు ఆ శాస్త్రం పేరు పలకడమే రాదు.

నీ సంతోషమే కావలసిన
నాన్న


మార్స్‌డెన్
అక్టోబరు 18, సోమవారం

నాన్నా,

ఇద్దరం రానూ పోనూ నాలుగున్నర గంటలు ఒక కారులో, రెండున్నర గంటలు ఒక బల్ల మీద, ఒక రోజు ఒకే ఇంట్లో ఉన్నాం, అయినా ఏమీ మాట్లాడుకోలేదు. అందుకే రాస్తున్నాను.

నువ్వు నార్టన్ జంక్షన్‌లో కుడి సీట్లో కూర్చుని బండి నడుపుకుంటూ వచ్చావు చూడు, బస్సు స్టేషనులో జనం అందరూ లేచి నిలబడ్డారు. డ్రైవరు లేని కారు వస్తోందని ఒకాయన పిల్లవాణ్ణి వెనక్కి లాక్కున్నాడు. ఎడమ సీట్లో కూర్చోవడం నీకు ఇంక అలవాటు కాదా?

నేను కారెక్కగానే నీ మొహం ఎలా అయిందో చూశాను. అయినా మాట మీదే నిలబడ్డావు. తాళం తిప్పావు, అంతే.

ఇప్పుడు చెప్పొచ్చు గనక చెప్తున్నాను. నా సంచీలో చలికాలం బట్టలన్నీ ఉన్నాయి. తిరిగి రాకూడదనే వచ్చాను.

ఇంటికొచ్చి చూస్తే నా మంచం మీద అమ్మ చలికాలానికి నిలవ చేసిన నలభై టొమాటో జాడీలు ఆరబెట్టుకుంది. "నువ్వొస్తావని నాకేం తెలుసే, ఓ పక్కకి జరిపి పడుకో" అంది. నాకోసం ఇల్లు ఏడుస్తూ కూర్చుని ఉంటుందనుకున్నాను నాన్నా! నా గదిలో జాడీలు కాపురం పెట్టాయి. వాటి మధ్య ముడుచుకుని పడుకున్నాను. పొద్దున్న కిటికీలోంచి చూస్తే నువ్వు వాకిట్లో తళతళలాడుతున్న కారుని మళ్ళీ తుడుస్తున్నావు. ఒకే తలుపుని. అరగంట.

ఎందుకు లేచి, నార్టన్‌లో బస్సెక్కించమని సంచీ సర్దుకున్నానో నాకు సరిగ్గా తెలీదు. నువ్వు వద్దనలేదు, ఉండమనలేదు. ఎవరూ ఏమీ అనకపోయేసరికి నేనే అనుకోవలసి వచ్చింది. చలికోటు ఒకటి తెచ్చుకుని మిగతా బట్టలు అక్కడే వదిలేశాను. మళ్ళీ మోసే ఓపిక లేక.

వచ్చే శనివారం కూడా వస్తావా?

లోయిస్


హార్లన్ క్రీక్
అక్టోబరు 25, సోమవారం

బంగారూ,

రాయడానికి పెన్ను తీశాను గానీ ఎక్కువ రాయకూడదని ఒట్టు పెట్టుకున్నాను. మీ అమ్మ వెనక నిలబడి వాక్యాలు లెక్కపెడుతోంది.

శనివారం నార్టన్‌లో నువ్వు ఆపిల్ పై తిన్నావు, నా ముక్కలో సగం కూడా తిన్నావు, డెల్లా చెప్పిన కుక్క కథ చెప్పావు, పన్నెండున్నర బస్సు రాగానే "సరే మరి" అని లేచి వెళ్ళావు. కారు వైపు చూడనే లేదు. నేను చెయ్యి ఊపాను. అంతే చేశాను. బస్సు మలుపు తిరిగాక ఏం చేశానన్నది నాకూ ఆ హోటలావిడకీ మధ్య సంగతి.

ఫ్లాయిడ్ అడిగితే, "మా అమ్మాయి కాలేజీలో ఉంది, ఒక్కోరోజు బాగుంటుంది, ఒక్కోరోజు బాగోదు" అన్నాను. "మా తమ్ముడికీ సైన్యంలో అంతే బాబాయ్" అన్నాడు. చాలా తేలిగ్గా ఉంది తల్లీ, ఇలా చెప్తే.

ముప్పయ్యో తేదీన పదిన్నరకి అక్కడుంటాను.

నాన్న


మార్స్‌డెన్
నవంబరు 2, మంగళవారం

నాన్నా,

ఆరో తేదీ శనివారం రాకు. మా భూగర్భ శాస్త్రం మాస్టారు అందర్నీ రాతి గనికి తీసుకెళ్తున్నారు, పొద్దున్నే వెళ్ళి సాయంత్రం రావడం. డెల్లా, నేను, ఇంకో ఇద్దరూ ఒక జట్టు. సుత్తి నేను పట్టుకోవాలట, పల్లెటూరిదాన్ని గనక గట్టిగా కొడతానని తీర్మానించారు. కొడతాను.

రసాయన శాస్త్రం అరవై ఒకటి.

పార్కింగ్ ఆఫీసుకి వెళ్ళి పసుప్పచ్చ ఫారం ఇంకోటి తెచ్చి ఈ కవర్లో పెట్టాను. దానికి గడువేమీ లేదట, ఏడాదిలో ఎప్పుడిచ్చినా తీసుకుంటామంది అక్కడి ఆవిడ. కారు కావాలని కాదు. వద్దని కూడా కాదు. పెట్టానంతే. ఏం చేస్తావో నీ ఇష్టం.

తొందరలో ఉన్నాను. అమ్మ జాడీలు అక్కడే ఉండనీ.

లోయిస్


హార్లన్ క్రీక్
నవంబరు 7, ఆదివారం

నా తల్లీ, నా చిట్టి తల్లీ,

రాకు అన్నావు. శుక్రవారం మధ్యాహ్నం నీ ఉత్తరం అందింది, రెండుసార్లు చదివాను, బాగా అర్థమైంది. అయినా శనివారం పొద్దున్న అయిదింటికి మెలకువ వచ్చింది, బూట్లు వేసుకున్నాను. మీ అమ్మ దుప్పట్లోంచే, "రావద్దని రాసింది కదయ్యా" అంది. "రావద్దంది, నేను మార్స్‌డెన్‌కి వెళ్ళడం లేదుగా" అన్నాను. "వెళ్ళు, ఇంట్లో ఉంటే నన్ను తింటావు" అంది.

నార్టన్ జంక్షన్‌లో మన బల్ల మీద కూర్చున్నాను. పదింబావుకి బస్సొచ్చింది. ఒక ముసలావిడ దిగింది. ఇద్దరు సిపాయి కుర్రాళ్ళు దిగారు. ఒకడు గిటారు పెట్టెతో దిగాడు. తరవాత డ్రైవరు దిగి తలుపు మూశాడు. ఖాళీ బస్సు. కిటికీల దగ్గరికి వెళ్ళి మరీ చూశాను.

లోయిస్, ఒక మనిషి బస్సులోంచి దిగకపోతే ఇంత సంతోషం కలుగుతుందని నాకెవరూ చెప్పలేదు!

హోటల్లోకి వెళ్ళాను. హోటలావిడ, "పాప రాలేదా?" అంది. "రాలేదు!" అన్నాను. "అయ్యో" అంది. "అయ్యో ఏమిటమ్మా, రాలేదంటుంటే! రాళ్ళు కొట్టడానికి వెళ్ళింది!" అన్నాను. ఆ పూట అక్కడున్న పద్నాలుగు మందికీ సంగతంతా చెప్పాను, నలభై రెండుతో సహా, జాడీలతో సహా. ఒక లారీ డ్రైవరు లేచొచ్చి నాకు చేయి కలిపాడు. హోటలావిడ రెండు ఆపిల్ పై ముక్కలు పెట్టింది, రెండూ నేనే తిన్నాను.

తిరుగుదారిలో ఒకచోట కారు పక్కకి ఆపాల్సి వచ్చింది. దిగి టైర్లు చూసుకున్నాను. టైర్లు బాగానే ఉన్నాయి. కాసేపు నిలబడి, మళ్ళీ ఎక్కి, ఇంటికొచ్చేశాను. ఎడమ సీట్లోనే కూర్చుని నడిపాను, నువ్వు నవ్వావని. మోకాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇక ఫారం. నిన్న సాయంత్రం బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూశాను. మీ అమ్మ ఎదురుగా కూర్చుని ఊలు అల్లుకుంటోంది, సూదులు చప్పుడు చేస్తున్నాయి. చివరికి సంతకం పెట్టాను. ఆర్నె హాగెన్, అంతే. అవసరం అన్న గీత మీద ఏమీ రాయలేదు. అది ఈసారి నాకు తెలీదు. తేదీ కూడా వెయ్యలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు తేదీ లేని కాగితం నా చేతుల్లోంచి వెళ్ళనివ్వలేదు, ఇది వెళ్తోంది. ఈ కవర్లోనే ఉంది, తీసి నీ పుస్తకాల్లో ఎక్కడైనా పెట్టుకో. కారు ఇక్కడ నూనె పోసి, బ్యాటరీ ఎక్కించి, సిద్ధంగా ఉంటుంది.

రేపు నింపుతావో, రెండో ఏడాదిలో నింపుతావో, అసలు నింపవో, నీ ఇష్టం. నింపినా నాకు చెప్పక్కర్లేదు.

చెప్పు.

నాన్న